మూడో పిన్ను ఉత్తిదే: ఎక్స్‌టెన్షన్ బాక్సు కొనేవాళ్లు జాగ్రత్త

10 మీటర్ల వైరు, నాలుగు సాకెట్లు, ఎర్ర స్విచ్చు కలిపి 350, 400 రూపాయలకు బజార్లో అమ్ముతున్నారు చూడండి, అలాంటి బాక్సు ఒకటి నా ప్రాణం తీయబోయింది. దాని మీదున్న పేరు రాయను. రాసినా లాభం లేదు, అదే డబ్బాకి రేపు ఇంకో స్టిక్కరు అంటిస్తారు.

2024 సెప్టెంబరు నాటి బుడమేరు వరద గురించి బెజవాడ వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. సింగ్‌నగర్‌లో మా పిన్ని వాళ్లింట్లో గోడ మీద నీటి చార నా ఛాతీ దాకా ఉంది. ఫ్రిజ్ తేలి తేలి వంటింటి గుమ్మానికి అడ్డంగా పడి ఉంది. నీళ్లు తీశాయని తెలియగానే గుంటూరు నుంచి నేనూ మా తమ్ముడూ వెళ్లాం. రెండు రోజులు బురద ఎత్తడంతోనే సరిపోయింది. మూడో రోజు సంపు తోడదామనుకున్నాం. బాబాయ్ దగ్గర అర హెచ్‌పీ మోటారు ఉంది. అదీ వరదలో నానిందే. రెండు రోజులు ఎండలో పెట్టాం కదా, ఆరిపోయి ఉంటుందిలే అనుకున్నాం. ఇది మా తప్పు, దాచను. మునిగిన మోటారుని విప్పి ఆరబెట్టి, మెకానిక్ మెగ్గర్ (కరెంటు బాడీకి లీకవుతుందేమో చూసే మీటరు) పెట్టి చూశాకే కరెంటు ఇవ్వాలి. కానీ ఆ వారం ఆ పేటలో మెకానిక్ దొరికితే కదా!

కింది బోర్డులన్నీ తడిసిపోయాయి. మీటరు పక్కన ఎత్తులో ఉన్న ఒక్క ప్లగ్గే పనిచేస్తోంది. అక్కడి నుంచి సంపు దాకా వైరు చాలదు. అందుకని తమ్ముణ్ణి పంపి ఈ బాక్సు తెప్పించాను. 380 రూపాయలు. బిల్లు అడగలేదు, వాళ్లూ ఇవ్వలేదు.

మోటారు తిరుగుతోంది గానీ నీళ్లు లాగడం లేదు. గాలి పట్టిందేమో, పైన బిరడా తీసి కాసిని నీళ్లు పోద్దామని ఆపకుండానే దాని మీద చెయ్యి వేశాను. కాళ్ల కింద తడి బురద, చెప్పులు కూడా లేవు. అంతే, చెయ్యి బిగుసుకుపోయింది. షాక్ కొడితే విసిరేస్తుందని వింటాం కదా, నన్ను విసరలేదు, పట్టేసుకుంది. వేళ్లు విడదీయాలని తెలుస్తోంది, విడిపోవు. అరవాలనుకుంటే నోట్లోంచి 'గ్' అని తప్ప ఇంకేమీ రాలేదు. బాబాయ్ నన్ను లాగడానికి పరిగెత్తుకొచ్చాడు. పిన్ని "ముట్టుకోకండి!" అని కేక పెట్టకపోతే ఇద్దరం పోయేవాళ్లం. పక్కింటి కుర్రాడు తెలివైనవాడు, నా జోలికే రాలేదు. వరండాలోకి వెళ్లి వైరు పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. ప్లగ్గు ఊడింది, నేను బురదలో కూలబడ్డాను. ఆసుపత్రిలో ఈసీజీ తీసి రాత్రంతా ఉంచుకున్నారు. అరచేతిలో కాలిన మచ్చ ఇప్పటికీ ఉంది.

తర్వాత తెలిసిన ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే అతను ఇంటి ఎర్తు చూశాడు, బాగానే ఉందన్నాడు. మోటారు వైరులో ఎర్తూ ఉంది. అప్పుడు బాక్సు విప్పాడు. ప్లగ్గుకి మూడు పిన్నులు, లోపల వైరులో తీగలు రెండే! పైన లావుగా ఉండే ఎర్తు పిన్ను ఉత్తి అలంకారం, దేనికీ కలిసి లేదు. సాకెట్ల లోపల ఇత్తడి రంగు పట్టీలకు అయస్కాంతం పెడితే టక్కున అతుక్కుంది. ఇత్తడికి అయస్కాంతం అంటుకోదు, అది ఇనుప రేకు. ఎర్తు తీగ ఉండి ఉంటే మోటారులో లీకైన కరెంటు దాని వెంట భూమిలోకి పోయేది, గట్టిగా లీకైతే ఫ్యూజూ ఎగిరేది. అది లేక నా ఒంట్లోంచి పోయింది.

కొనేటప్పుడు దుకాణంలోనే మల్టీమీటరు (ఎలక్ట్రీషియన్లు వాడే చేతి మీటరు) అడగండి. దాని వైర్లలో ఒక కొన ప్లగ్గులోని లావు పిన్నుకీ, ఇంకో కొన సాకెట్‌లోని పై పెద్ద బెజ్జానికీ పెట్టించండి. బీప్ మని మోగాలి. ప్రతి సాకెట్‌కీ మోగాలి, ఒకదానికి మోగింది కదా అని వదిలేయొద్దు. వైరు మీద ప్రమాణం నంబరు ఐఎస్ 694 అనీ, ప్లగ్గు మీద ఐఎస్ 1293 అనీ, ఐఎస్ఐ గుర్తు కింద సీఎం/ఎల్ అని ఉండే లైసెన్సు నంబరూ ఉందేమో చూడండి. ఉత్తి గుర్తుని నమ్మొద్దు, నా బాక్సు మీదా ఐఎస్ఐ అని ముద్ర ఉంది, నంబరే లేదు. ఆ నంబరుని, ఐఎస్ఐ గుర్తు ఇచ్చే బీఐఎస్ సంస్థ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే లైసెన్సు ఎవరిదో, ఏ వస్తువుకో వస్తుంది. మీటరు పెట్టనివ్వని దుకాణంలో కొనకండి, మొహమాటం అక్కర్లేదు.

ఇంట్లో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే దానంతటదే ఆగిపోయే స్విచ్చు) లేకపోతే పెట్టించుకోండి. ఎర్తు లేకపోయినా, కరెంటు మనిషి ఒంట్లోంచి లీకైందంటే రెప్పపాటులో లైను తెంచేస్తుంది. పిన్ని వాళ్లింట్లో ఆ వారమే పెట్టించాం.

విప్పిన బాక్సు పట్టుకుని దుకాణానికి వెళ్లాను. యజమాని దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఆ రేటుకి అంతే వస్తుంది సార్, మంచిది కావాలంటే అప్పుడే చెప్పాల్సింది" అన్నాడు. 380 వెనక్కిచ్చి బాక్సు తీసుకోబోయాడు. బాక్సు ఇవ్వలేదు, డబ్బూ తీసుకోలేదు. 1915కి, అదే వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే మొదట అడిగింది బిల్లు. నా దగ్గర లేదు. ఇప్పుడు పది రూపాయల టెస్టరు కొన్నా బిల్లు తీసుకుంటున్నాను, మా ఆవిడ నవ్వుతుంది.

మొన్న వానలో ఆ దుకాణం ముందు నుంచే వెళ్లాను. అవే బాక్సులు గుత్తుగా వేలాడుతున్నాయి. స్టిక్కరు మారింది, రేటు 420 అయింది.