సిస్‌ఎఫ్‌ఎస్‌లో ఫర్మ్‌వేర్ మెమరీ మ్యాప్: ఏళ్లు వాడాక

మెషీన్‌లో 16 జీబీ ర్యామ్ పెట్టినా ఫ్రీ కమాండ్ 15 చిల్లరే చూపిస్తుంది. తక్కువైనది ఫర్మ్‌వేర్ (మదర్‌బోర్డులో ఉండి మెషీన్‌ను బూట్ చేసే ప్రోగ్రామ్) పట్టుకుందా, కెర్నెల్ వాడుకుందా? లినక్స్‌లో ఈ తగువు తేల్చేది సిస్‌ఎఫ్‌ఎస్‌లోని (కెర్నెల్ తన సమాచారాన్ని ఫైళ్లుగా చూపే చోటు) /సిస్/ఫర్మ్‌వేర్/మెమ్‌మ్యాప్ డైరెక్టరీ. 2008లో కెర్నెల్ 2.6.27తో వచ్చింది. బూట్ సమయంలో చేతికందిన ‘ఈ820’ పట్టికను (ఏ చిరునామాల్లో వాడదగ్గ మెమరీ ఉందో చెప్పే జాబితా) కెర్నెల్ తన కోతలేవీ కలపకుండా ఇక్కడ ఉంచుతుంది.

లోపల 0, 1, 2 అంటూ డైరెక్టరీలు, ఒక్కోదాంట్లో స్టార్ట్, ఎండ్, టైప్ అని మూడే ఫైళ్లు. క్యాట్ ఉంటే చాలు, ఏ లైబ్రరీ అక్కర్లేదు.

లెక్క తప్పేది ఎక్కువగా ఎండ్ దగ్గరే. అది రేంజ్‌లోని ఆఖరి బైట్, దాని తర్వాతది కాదు. బయోస్ మెషీన్లలో మొదటి ఎంట్రీ తరచూ 0 నుంచి 654335 దాకా ఉంటుంది (ఫైల్లో హెక్స్ కనిపిస్తుంది, ఇక్కడ దశాంశంలో రాశాను). తీసివేశాక 1 కలిపితేనే 654336 బైట్లు, సరిగ్గా 639 కేబీ. ఆ 1 మరిచి 4096తో భాగిస్తే, పేజీ (కెర్నెల్ మెమరీని లెక్కించే 4096 బైట్ల ముక్క) హద్దుకు అమరిన ప్రతి రేంజ్‌లోనూ ఒక పేజీ గల్లంతు.

స్క్రిప్ట్‌లో ఈ డైరెక్టరీల మీద నక్షత్రం గుర్తుతో తిరిగితే 1 తర్వాత 10, 11 వచ్చి ఆపైన 2 వస్తుంది. డైరెక్టరీ నంబర్‌ను నమ్మకుండా స్టార్ట్ విలువ మీదే సార్ట్ చేయాలి. కెర్నెల్ డాక్యుమెంటేషన్‌లోని నమూనా స్క్రిప్ట్ కూడికకు చదరపు బ్రాకెట్లు వాడుతుంది. అది బాష్ షెల్‌లో నడుస్తుంది, డ్యాష్ షెల్‌లో నడవదు. జంట కుండలీకరణాలు పెడితే రెండింట్లోనూ పనిచేస్తుంది.

దీని విలువ తెలియాలంటే అదే మెషీన్‌ను మెమ్=4జీ (4 జీబీ పైనున్న ర్యామ్ వాడొద్దని కెర్నెల్‌కు చెప్పే ఆప్షన్) అని బూట్ చేసి చూడండి. కెర్నెల్ ప్రస్తుతం వాడుతున్న చిరునామాల జాబితా /ప్రాక్/ఐఓమెమ్‌లో 4 జీబీ పైనున్న సిస్టమ్ ర్యామ్ మాయమవుతుంది, మెమ్‌మ్యాప్‌లో చెక్కుచెదరదు. కెక్సెక్-టూల్స్ మామూలు కెక్సెక్‌కు (ఫర్మ్‌వేర్ దాకా వెళ్లకుండా నేరుగా మరో కెర్నెల్‌లోకి మారడం) మెమ్‌మ్యాప్‌ను చదివేది ఇందుకే: ఈ కెర్నెల్‌కు పెట్టిన కత్తెర తర్వాతి కెర్నెల్‌కు అంటకూడదు. క్రాష్ కెర్నెల్ (అసలు కెర్నెల్ కూలితే నడిచేది) లోడ్ చేసేటప్పుడు మాత్రం ఐఓమెమ్‌నే చూస్తుంది.

ఇక ఆ లోటు లెక్క. సిస్టమ్ ర్యామ్ ఎంట్రీలన్నీ కూడితే ఫర్మ్‌వేర్ ఇచ్చింది తేలుతుంది. ఆ మొత్తానికీ మెమ్‌టోటల్‌కూ (ఫ్రీ కమాండ్ చూపే మొత్తం) మధ్య తేడా కెర్నెల్ ఖాతాలోది. అందులో పెద్ద వాటా పేజీ వివరాల పట్టికది: 64 బిట్ ఎక్స్86లో ప్రతి 4 కేబీ పేజీకి మామూలుగా 64 బైట్లు, అంటే 16 జీబీకి 256 ఎంబీ.

నచ్చనివీ ఉన్నాయి. యూఈఎఫ్‌ఐ (బయోస్ స్థానంలో వచ్చిన కొత్త రకం ఫర్మ్‌వేర్) మెషీన్లలో పేరు ఫర్మ్‌వేర్ మ్యాపే గానీ, కనిపించేది ఈ820 రకాల్లోకి కుదించిన రూపం. బూట్ సర్వీసుల (బూట్ అయ్యేదాకా మాత్రమే ఫర్మ్‌వేర్‌కు కావాల్సిన) భాగాలు కూడా సిస్టమ్ ర్యామ్‌లో కలిసిపోతాయి, యాట్రిబ్యూట్లు అసలుండవు. బూట్ అయ్యాక కూడా ఫర్మ్‌వేర్ వాడుకునే రన్‌టైమ్ రేంజ్‌ల కోసం /సిస్/ఫర్మ్‌వేర్/ఈఎఫ్‌ఐ/రన్‌టైమ్-మ్యాప్‌కు వెళ్లాల్సిందే. వర్చువల్ మెషీన్‌కు వర్టియో-మెమ్ అనే డ్రైవర్‌తో మెమరీ పెంచితే మెమ్‌మ్యాప్‌లో ఎంట్రీ రాదు. అది బగ్ కాదు, కావాలనే అలా చేశారు. ఆ మెమరీ డ్రైవర్ చేతిలోది, ఫర్మ్‌వేర్ ఇచ్చింది కాదు.

ఆర్మ్ బోర్డుల్లో ఈ డైరెక్టరీ సాధారణంగా ఉండదు. అక్కడ డివైస్ ట్రీ (బోర్డు హార్డ్‌వేర్ వివరాల పట్టిక), ఐఓమెమ్‌లే దిక్కు. ఐఓమెమ్‌ను రూట్‌గా చదవండి, మామూలు యూజర్‌కు 2016 నుంచి చిరునామాలన్నీ సున్నాలుగానే కనిపిస్తున్నాయి.