మా మున్సిపాలిటీ ప్రజారోగ్య విభాగానికి నా రివ్యూ: 5కి మూడున్నర

మిక్సీకి స్టార్లిస్తాం, బిర్యానీకి స్టార్లిస్తాం, ఆఖరికి క్షవరానికి కూడా ఇస్తున్నాం. ఏడాదికి రెండుసార్లు ఇంటిపన్ను కట్టి రోజూ వాడుకునే సర్వీసుకి మాత్రం ఎవరూ ఇవ్వరేమిటని రాస్తున్నాను. మాది కోస్తాలో ఒక మధ్యరకం మున్సిపాలిటీ. ఊరి పేరు వద్దులెండి, చదివితే మీ ఊరిలాగే ఉంటుంది.

ముందు డెంగీ సంగతి. పోయిన వర్షాకాలం మా చిన్నోడికి జ్వరం వస్తే ప్రైవేటు ల్యాబ్‌లో కార్డు టెస్టు చేసి పాజిటివ్ అన్నారు. టెన్షన్‌తో రాత్రంతా నిద్ర లేదు. మర్నాడు పొద్దున్నే ఏఎన్ఎమ్, ఆశా వర్కరు, మలేరియా విభాగం మనిషి ఒకాయన గుమ్మంలో ఉన్నారు, మేం ఎవరికీ ఫోన్ చెయ్యలేదు, ల్యాబ్ నుంచే వాళ్లకి కబురు వెళ్లిందట. పిల్లాడి రక్తం మళ్లీ తీసి ఎలీసా పరీక్షకి పంపారు, అందులో వస్తేనే వాళ్ల లెక్కలో డెంగీ కేసు. ఇంటికొచ్చారు కదా అని నేను ఊరుకున్నానా, ఎదురుగా ఉన్న సైడు కాలవ చూపించి ఓ పది నిమిషాలు క్లాసు పీకాను. ఆయన ఓపిగ్గా అంతా విని, "మురుగులో పెరిగే దోమ వేరు సార్, ఇది మంచినీళ్ల దోమ" అంటూ వంటింట్లోకి వచ్చి, ఫ్రిజ్ వెనక ట్రే ఉంటుంది చూడండి, అది మెల్లగా లాగి టార్చి వేశాడు. లార్వా! సన్నగా, మెలికలు తిరుగుతూ, ఎంచక్కా ఈత కొడుతున్నాయి. మనీప్లాంట్ సీసాలో కూడా ఉన్నాయి. మా ఆవిడ నా వైపు చూసిన చూపు ఇక్కడ రాయను.

గుడ్డు నుంచి దోమ అవ్వడానికి వారం, పది రోజులు పడుతుంది, అందుకే వాళ్లు వారానికోసారి నిల్వ నీళ్లన్నీ పారబోయండి, శుక్రవారం డ్రై డే అని చెవినిల్లు కట్టుకుని చెబుతారు. నీళ్లు పారబోస్తే చాలదు, తొట్టి గోడలు పీచుతో రుద్దాలి, గుడ్లు అంచునే అతుక్కుని నీళ్లు ఎండిపోయినా నెలలపాటు బతికే ఉంటాయి, మళ్లీ నీళ్లు పోస్తే లేస్తాయి. ఇవన్నీ ఆయన చెప్తేనే తెలిసింది. చుట్టుపక్కల ఇళ్లలో కూడా మందు కొట్టి, సంపుల్లో లార్వాని చంపే అబేట్ మందు వేసి వెళ్లారు. ఈ పనికి 5కి 5, ఇంకో అర ఎక్కువిచ్చినా తప్పులేదు.

ఇక ఫాగింగ్. మా వీధి వాట్సాప్ గ్రూపులో రోజూ ఇదే గోల, "ఫాగింగ్ ఎప్పుడు, ఫాగింగ్ ఎప్పుడు" అని. చివరికి కౌన్సిలర్ గారు దగ్గరుండి మరీ కొట్టించారు, ఫొటోలు కూడా దిగారు. పొగ వెనక పిల్లలు పరిగెత్తారు, పెద్దవాళ్లం తలుపులేసుకున్నాం. తలుపులేసుకున్నాక లోపలున్న దోమకి ఏమవుతుంది? డెంగీ దోమ పగలు కుట్టేది, మంచం కిందా బట్టల కొక్కేల వెనకా దాక్కునేది. పొగ తగిలిన పెద్ద దోమ చస్తుంది గానీ ట్రేలో ఉన్న పిల్ల దోమకి చీమ కుట్టినట్టైనా ఉండదు. కేసులున్న చోట వాడితే అర్థముంది, మనం అడిగాం కదా అని ఊరంతా తిప్పడం మాత్రం డీజిల్ ఖర్చే. మంత్రిగారు వచ్చినప్పుడు రోడ్డుకి రెండువైపులా ముగ్గేసినట్టు చల్లే బ్లీచింగ్ కూడా ఈ బాపతే. రెండు స్టార్లు, అందులో తప్పు సగం మనదే.

అసలు గొడవ చెయ్యాల్సింది నీళ్ల కోసం. రెండేళ్ల కింద మా వీధి చివరి నాలుగు ఇళ్లకి కుళాయి నీళ్లు వాసన కొట్టాయి. వార్డు సచివాలయం శానిటేషన్ కార్యదర్శికి ఫోన్ చేస్తే, చిన్న వయసు అమ్మాయి, పొద్దున ఆరింటికి నీళ్లొచ్చే టైముకే కిట్టు పట్టుకుని వచ్చింది. గాజు గొట్టంలో నీళ్లు పట్టి చుక్కమందు వేస్తే పసుపు రంగు రావాలి, వస్తే క్లోరిన్ ఉన్నట్టు, లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములు మన కుళాయి దాకా మిగిలి ఉండాలి. ట్యాంకు దగ్గర కుళాయిలో బాగానే వచ్చింది, మా దగ్గర నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. అంటే మధ్యలో ఎక్కడో మురుగు కలుస్తోంది. ఆ అమ్మాయి అప్పటికప్పుడే ఇల్లిల్లూ తిరిగి ఈ నీళ్లు తాగొద్దని చెప్పింది. ఇంతవరకూ భేష్. తర్వాత మొదలైంది అసలు కథ: పైపు ఇంజనీరింగ్ వాళ్లది, కాలవ హెల్త్ వాళ్లది, పైపు కాలవలోంచి పోతోంది, మరి తవ్వేదెవరు? మూడు రోజులు ఇదే పంచాయతీ, అన్నాళ్లూ ట్యాంకర్ నీళ్లే. 2018లో గుంటూరులో కలుషిత నీళ్లతో అతిసారం వచ్చి మనుషులు పోయిన సంగతి గుర్తున్నవాళ్లకి ఆ మూడు రోజులు ఎలా గడిచి ఉంటాయో వేరే చెప్పక్కర్లేదు. పరీక్షకి 5, రిపేరుకి 1.

చెత్త బండి: రోజూ వస్తుంది, పాటతో సహా. మేం తడి, పొడి వేరుచేసి ఇస్తాం, బండిలో రెండూ ఒకటే. 2023 డిసెంబరు చివర్లో కార్మికులు సమ్మెకి దిగినప్పుడు వీధి మలుపులో పేరుకున్న గుట్ట చూశాక నేను ఈ బండి మీద ఫిర్యాదులు మానేశాను. కాలవ పూడిక తీసి గట్టునే వదిలేయడం మాత్రం క్షమించను, ఆరాక తీస్తామంటారు, ఆరేలోపు వాన పడి మళ్లీ కాలవలోకే జారుతుంది.

కుక్కల గురించి ఒక్క మాట. పట్టుకెళ్లి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, గుర్తుగా చెవి కొస కత్తిరించి మా వీధిలోనే వదిలారు. "మళ్లీ ఇక్కడికే ఎందుకు తెచ్చార్రా" అని మా వీధి పెద్దలు బండివాళ్ల మీద పడ్డారు. పాపం వాళ్లేం చేస్తారు, వీధి కుక్కని పట్టిన చోటే వదలాలని రూలు.

చివరగా జనన ధ్రువీకరణ పత్రాల కౌంటరు, నా మూడున్నరకి కారణం ఇదే. మా చెల్లెలి పాప సర్టిఫికెట్లో తల్లి పేరు ఒక అక్షరం తప్పు పడింది. ఆసుపత్రి వాళ్లు అలాగే పంపారని మున్సిపాలిటీ, మేం సరిగ్గానే పంపామని ఆసుపత్రి. నాలుగు సార్లు తిరిగాను, నాలుగోసారి జెరాక్స్ షాపు దగ్గర ఒకాయన "పదిహేను వందలివ్వండి సార్, సాయంత్రానికి చేతిలో ఉంటుంది" అన్నాడు. ఇవ్వలేదు, ఇంకో రెండుసార్లు తిరిగాను. మీరు తిరక్కుండా ఉండాలంటే డిశ్చార్జి రోజే ఆసుపత్రిలో ఫారం తీయించుకుని పేర్లు అక్షరం అక్షరం చూసుకోండి. 21 రోజుల్లోపు నమోదైతే ఫీజు లేదు, మొదటి కాపీ ఉచితం. పేరు పెట్టకుండా నమోదు చేస్తే ఏడాదిలోపు ఊరికే చేర్చుకోవచ్చు, తర్వాత 15 ఏళ్ల దాకా ఫీజు కట్టి చేర్చాలి. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకి బడికైనా పాస్‌పోర్టుకైనా పుట్టినతేదీ రుజువు ఇదొక్కటే, కాబట్టి తర్వాత చూద్దాంలే అనుకోకండి.

ఇంకోటి, శానిటరీ ఇన్‌స్పెక్టర్‌ని కలవాలంటే పదకొండింటికి ఆఫీసుకి వెళ్లి కూర్చోకండి, దొరకరు. తెల్లారి ఐదున్నరకి మీ వార్డు మస్తరు పాయింట్ దగ్గరికి వెళ్లండి. కార్మికుల హాజరు చూసుకుంటూ టీ గ్లాసుతో అక్కడే నిలబడి ఉంటారు, ఆ టైములో చెప్పిన పని ఆ రోజే అవుతుంది.