లూయిస్ హైన్ మిల్లు ఫోటోలు ఉచితంగా: లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఆన్‌లైన్ కలెక్షన్ మీద నా రివ్యూ

అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ళు బాలకార్మిక వ్యవస్థకు వ్యతిరేకంగా పోరాడిన నేషనల్ చైల్డ్ లేబర్ కమిటీ ఫోటోలు 5,100కు పైగా స్కాన్ చేసి వెబ్‌సైట్‌లో పెట్టారు. లాగిన్ అక్కర్లేదు, పైసా కట్టక్కర్లేదు, వాటర్‌మార్క్ గొడవ లేదు. 1908 నుంచి 1924 దాకా తీసినవి, చాలావరకు ఆ కమిటీ ఫోటోగ్రాఫర్ లూయిస్ హైన్ తీసినవే. నేను రింగ్ ఫ్రేమ్ (దారం వడికే మెషిన్) డిపార్ట్‌మెంట్‌లో పనిచేస్తాను కాబట్టి నేరుగా కాటన్ మిల్లుల ఫోటోల్లోకే వెళ్ళాను. ఒక్కో ఫోటో దాటడానికి చాలాసేపు పట్టింది.

అన్నిటికన్నా విలువైనవి క్యాప్షన్లు. 1908 డిసెంబర్‌లో నార్త్ కరోలినాలోని విట్నెల్ మిల్లులో తీసిన ఒక పాప ఫోటో ఉంది. ఎత్తు 51 అంగుళాలు, అంటే నాలుగడుగుల మూడంగుళాలు. మిల్లులో చేరి ఏడాదైంది, కొన్నాళ్ళు రాత్రి పని కూడా చేసింది, నాలుగు సైడ్లు (సైడ్ అంటే ఫ్రేముకు ఒక పక్క) చూస్తుంది, రోజుకు కూలి 48 సెంట్లు. వయసెంత అని అడిగితే కాసేపు తటపటాయించి గుర్తులేదందట, తర్వాత చిన్నగా, నాకింకా పనిచేసే వయసు రాలేదు, అయినా చేస్తున్నా అందట. నాలుగు సైడ్లు అంటే అటూ ఇటూ తిరుగుతూ తెగిన దారం తెగినట్టు అతుకుతూనే ఉండాలి, కూర్చోవడానికి ఉండదు. ఆ ఒక్క ముక్క చదివేసరికి నాకు గుండె కలుక్కుమంది.

హైన్ న్యూయార్క్‌లో టీచరుగా చేసినాయన. గేటు దగ్గర రానివ్వరని తెలిసినచోట బైబిళ్ళు అమ్ముకునేవాడిననో, పోస్ట్‌కార్డుల వాడిననో చెప్పి లోపలికి వెళ్ళేవాడు. టేపు తీసి కొలిస్తే పట్టుబడిపోతాడు కదా, అందుకని తన కోటు గుండీలు నేల నుంచి ఎంతెత్తులో ఉన్నాయో ముందే తెలుసుకుని, పిల్లల పక్కన నిలబడి ఏ గుండీ దాకా వచ్చారో చూసుకునేవాడు. ఆ 51 అంగుళాల లాంటి లెక్కల వెనక ఇంత కష్టం ఉంది, అందుకే వాటిని నమ్మబుద్ధేస్తుంది.

డౌన్‌లోడ్ చేసేటప్పుడు జేపెగ్‌తో ఆగిపోకండి, కింద టిఫ్ ఫైలు, అంటే వివరాలు పోని పెద్ద ఫైలు, ఉంటుంది, అది తీసుకోండి. 1910లో వెర్మాంట్‌లోని నార్త్ పౌనాల్ మిల్లులో తీసిన యాడీ కార్డ్ ఫోటోను పెద్దది చేసి చూస్తే, ఫ్రేము మీద ఆనించిన చెయ్యి, మరకలు పడ్డ గౌను, చెప్పుల్లేని కాళ్ళు అన్నీ స్పష్టంగా కనిపిస్తాయి. జార్జియాలోని మేకన్‌లో, బిబ్ మిల్లులో 1909 జనవరిలో తీసిన ఫోటోలో పిల్లలు దారం అందక ఏకంగా ఫ్రేము మీదికే ఎక్కారు. తిరిగే మెషిన్ మీద! సేఫ్టీ ట్రైనింగ్‌లో చూపించాల్సిన ఫోటో ఇది.

ఇక ఇబ్బందులు. సెర్చ్ పాతకాలంది. మామూలు మాటలు కొడితే సరిగ్గా దొరకవు, స్పిన్నర్ (దారం వడికేవాళ్ళు), డాఫర్ (నిండిన బాబిన్లు తీసేవాళ్ళు), బ్రేకర్ బాయ్స్ (బొగ్గులోంచి రాళ్ళు ఏరే పిల్లలు) లాంటి అప్పటి మాటలు గానీ రాష్ట్రం పేరు గానీ ఇంగ్లీషులో కొట్టాలి. కొన్ని క్యాప్షన్లలో ఊరి పేరు, తేదీ తప్ప ఇంకేం ఉండదు. ఈ ఫోటోలతో ఏం జరిగిందన్న కథ కూడా ఒక్కో ఫోటో పేజీలో దొరకదు. 1916లో బాలకార్మికుల మీద చట్టం వచ్చింది, 1918లో సుప్రీంకోర్టు కొట్టేసింది, మళ్ళీ గట్టి చట్టం రావడానికి 1938 దాకా పట్టింది. హైన్ 1940లో చనిపోయాడు, అదీ పేదరికంలో. ఇవి తెలుసుకుని చూస్తే ఫోటోలు ఇంకోలా కనిపిస్తాయి.

ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ కట్టేటప్పుడు హైన్ తీసిన ఫోటోలు కావాలంటే ఇక్కడ కాదు, న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ సైట్‌లో వెతకండి. ప్రింట్ వేయించుకునేవాళ్ళు ల్యాబ్‌లో ఆటో కరెక్షన్ వద్దని ముందే చెప్పండి. నాకు వేసిచ్చిన మొదటి ప్రింట్‌లో ఫ్రేముల వెనకున్న చీకట్లో పిల్లల మొహాలు నల్లగా కలిసిపోయాయి, కరెక్షన్ తీసేయించి మళ్ళీ వేయిస్తే గానీ బయటపడలేదు.