పదకొండు మందిమి, ఒక మండువా ఇల్లు, ఏడు పొట్లాలు

ముందే చెబుతున్నా, ఇంటి పేరు రాయను, ఫోన్ నంబరు ఇవ్వను. మా ఫొటో ఒకసారి బయటికి పోయి, వెనక్కి తీయించేసరికి ప్రాణం పోయినంత పనైంది (ఆ కథ కిందుంది). మళ్ళీ అదే ఇల్లు, అదే తేదీ నేనే రాసిపెట్టడం బుద్ధితక్కువ. రాజోలు, డిండిల మధ్య, వశిష్ఠ గోదావరి గట్టుకి నడిచిపోయేంత దూరంలో, కొబ్బరితోటలో ఉన్న పాత మండువా ఇల్లు అని మాత్రం చెప్పగలను. వెనక సగంలో ఓనర్లుంటారు, ముందు సగం హోమ్‌స్టే. ధనుర్మాసం మొదలైన వారంలో వెళ్ళి రెండు రాత్రులున్నాం.

మేం అంటే ఎవరో చెప్పకపోతే ఈ రివ్యూ ఎవరికీ పనికిరాదు. కాకినాడ వైపు ఒకే ఇంజనీరింగ్ కాలేజీలో అటూ ఇటూగా ఎనిమిదేళ్ళ తేడాతో చదివిన గే, లెస్బియన్, బై, ట్రాన్స్ జనం. చదివేటప్పుడు ఎవరి సంగతి ఎవరికీ తెలీదు. మాలో ఇద్దరైతే హాస్టల్లో ఎదురెదురు గదుల్లో నాలుగేళ్ళుండి, ఎక్కడ దొరికిపోతామో అని ఒకడినొకడు తప్పించుకు తిరిగారు. చివరికి హైదరాబాద్ స్వాభిమాన యాత్రలో (మా ప్రైడ్ మార్చ్) ఎదురుపడి "నువ్వేంట్రా ఇక్కడ" అని ఇద్దరూ ఒకేసారి అన్నారట. హైదరాబాద్‌లో ఆ యాత్ర మొదలైందే 2013లో, అప్పటికి వీళ్ళిద్దరి చదువూ అయిపోయింది, ఏం లాభం! 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు 377 సెక్షన్‌లో స్వలింగ సంబంధాలు నేరమని మన మెడకి చుట్టిన ముక్కని కొట్టేసింది కదా, ఆ సాయంత్రం ముగ్గురితో వాట్సాప్ గ్రూపు మొదలైంది. ఆ కేసులో పిటిషన్ వేసినవాళ్ళలో ఐఐటీల్లో చదివినవాళ్ళు, చదువుతున్నవాళ్ళు కలిపి ఇరవై మంది ఉన్నారని పేపర్లో చదివి మా సీనియర్ అన్నమాట, "వాళ్ళు ఇరవై మంది ఉంటే మనం ముగ్గురమేనా, నమ్మను". ఆయన నమ్మకపోవడం మంచిదైంది. వెతికితే ఇప్పటికి ముప్ఫై దాటాం.

కాలేజీ వాళ్ళు పెట్టే అలుమ్ని మీట్ ఉండగా మళ్ళీ మేం విడిగా కలవడం ఎందుకంటారా? నేనొకసారి వెళ్ళాను. స్టేజీ మీదికి ఒక్కొక్కళ్ళని పిలుస్తారు, మైకు చేతికిస్తారు, ఉద్యోగం, జీవిత భాగస్వామి, పిల్లలు, ఇదీ వరస. నా వంతుకి నేను ఉద్యోగం గురించే ఐదు నిమిషాలు మాట్లాడాను, మా మేనేజరు కూడా నా పని గురించి అంత ఎప్పుడూ వినలేదు. కిందికి దిగాక నలుగురు వచ్చి, ఎవరూ దొరకలేదా, మేం చూడమా అన్నారు. వాళ్ళు మంచివాళ్ళే. ఆ రోజు రాత్రి బస్సులో భీమవరం దాకా ఏడ్చాను.

అందుకే మా మీట్‌కి చోటు వెతకడం అంటే మాకో పెద్ద పని. మా గోదావరి జిల్లాల మర్యాద గురించి కొత్తగా చెప్పేదేముంది, కొసరి కొసరి పెట్టి చంపేస్తారు. కానీ ఆ పెట్టే చేత్తోనే ప్రశ్నలు కూడా వడ్డిస్తారు. ఏ ఊరండీ, ఎవరి తాలూకండీ, ఇంటిపేరేంటండీ (అంటే కులం ఏమిటని), పెళ్ళయిందా, ఇంకా ఎందుకు కాలేదు, మా తోడల్లుడి చెల్లెలి కొడుకొకడున్నాడు ఆస్ట్రేలియాలో. ద్వేషం కాదది, ఆరా. ద్వేషమైతే మనమే చెప్పులేసుకుని వచ్చేస్తాం, ఆరా తీసేవాళ్ళని ఏమంటాం, కూర వడ్డిస్తుంటే? నాలుగో ప్రశ్నకల్లా ఆయన మన మేనమామకి క్లాస్‌మేటని తేలుతుంది, సాయంత్రానికి ఇంట్లో ఫోను మోగుతుంది. గోవా వెళ్ళొచ్చుగా అని మా బెంగళూరు బ్యాచ్ గొడవ. నాకు గోదారి గట్టు మీద కూర్చుని మా యాసలో మాట్లాడుకోవాలని ఉంది, గోవా ఏం చేసుకోను?

బుకింగ్ ఫోన్ నేనే చేశాను. ఆంటీగారు ఎత్తారు. అందరూ ఫ్యామిలీసేనా అన్నారు. పాత కాలేజీ స్నేహితులమండీ, ఆడా మగా కలిపి పదకొండు మందిమి అన్నాను. కాసేపు చప్పుడు లేదు. అడుగుతారు చూడు అని మా ఆవిడ వైపు చూశాను (అవును, ఇంట్లో నా పార్ట్‌నర్‌ని నేను అలాగే అంటాను, ఆవిడా నన్ను అలాగే అంటుంది, మాకు సరిపోయింది). "మందు తాగుతారా అండీ?" అన్నారు ఆంటీ. ఇద్దరు ముగ్గురు బీరు తాగుతారండీ అన్నాను. "తాగనివ్వండి. దుప్పటి మీద కక్కితే మాత్రం మూడొందలు." ఆ మాటతో నాకు ఇల్లు నచ్చేసింది.

సికింద్రాబాద్ నుంచి నర్సాపురం ఎక్స్‌ప్రెస్‌లో వచ్చి పాలకొల్లులో దిగి, స్టేషన్ బయట దిబ్బరొట్టె తిని, రెండు ఆటోల్లో చించినాడ వంతెన దాటాం. పొద్దున పూట ఆ వంతెన మీద నుంచి గోదారి చూస్తే ఎవరైనా ఆటో ఆపమంటారు, మేమూ ఆపాం.

గుర్తింపు కార్డుల దగ్గర నాకు గుండె దడ. మా గుంపులో ఒక ట్రాన్స్ అమ్మాయి ఉంది. 2019 చట్టం ప్రకారం కలెక్టరు ఆఫీసు నుంచి వచ్చే సర్టిఫికెట్‌కి పెట్టుకుంది, ఆధార్‌లో మాత్రం ఇంకా పాత పేరే. రెండేళ్ళ క్రితం వేరే ఊళ్ళో ఓ లాడ్జిలో రిసెప్షన్ కుర్రాడు ఆ పాత పేరుని హాలంతా వినపడేలా మూడుసార్లు పిలిచాడు, అది చెవులు మూసుకుని మెట్ల మీద కూర్చుండిపోయింది. ఇక్కడ రిజిస్టర్ రాసేది ఆంటీ వాళ్ళాయన, రిటైర్డ్ టీచరు, ఊరంతా మాస్టారంటారు. ఆధార్ చూశారు, దాని మొహం చూశారు, కళ్ళజోడు తీసి తుడుచుకుని "నిన్ను ఏమని పిలవాలమ్మా?" అన్నారు. చెప్పింది. అదే రాసి, పక్కన ఆధార్ చివరి నాలుగంకెలు వేసుకుని కార్డు తిరిగిచ్చేశారు. అంతే. హాజరు పట్టీ రాసినట్టు రాశారు. నిజం చెప్పాలంటే, ఈ ఇంటికి నేనిచ్చే ఐదు చుక్కల్లో మూడు ఆ ఒక్క నిమిషానివే.

ఇల్లు బాగుంది, కానీ మండువా ఇల్లంటే ఏంటో తెలియకుండా వెళ్ళకండి. నడిమధ్య ఆకాశం కనపడే చావడి, చుట్టూ స్తంభాలు, నాలుగు వైపులా గదులు, ఒక ఉయ్యాల బల్ల. ఒక గదిలో గుసగుసలాడితే మిగతా మూడు గదులూ జవాబు చెబుతాయి. కొత్తగా ప్రేమలో పడ్డ జంటలకి సలహా, వేరే చోటు చూసుకోండి. మూడో గది గడియ పట్టదు, బిందె అడ్డం పెట్టుకున్నాం. గీజరు ఒక్కటే, పదకొండు మందికి అది చాలదు. దోమలు కోనసీమవి, వాటి గురించి ఎంత చెప్పినా తక్కువే. ఇక తెల్లారుజామున నాలుగున్నరకి గుడి మైకులో తిరుప్పావై. దేవుడి మీద నాకేం కోపం లేదు, ఆ మైకు మీదే ఉంది. బెంగళూరు వాడొకడు లేచి తలగడ నెత్తిన పెట్టుకుని "ఇంకా చీకటి కదే" అని నన్ను తిట్టాడు.

తిండి సంగతి తొందరగా చెప్పను. మొదటి రోజు పొద్దున పనసాకు బుట్టల్లో ఉడికించిన పొట్టిక్కలు, కొబ్బరి పచ్చడి. మధ్యాహ్నం కందబచ్చలి, ముద్దపప్పు, పండుగప్ప ఇగురు, రొయ్యల వేపుడు. మా వాళ్ళలో ఒకడు పులస దొరుకుతుందా అని అడిగి పరువు తీశాడు, "డిసెంబరులో పులసేంటి బాబూ, గోదారికి ఎర్రనీరు రావాలి, అప్పుడు రా, మీ ఆస్తి కాయితాలు తెచ్చుకో" అన్నారు ఆంటీ. వంటలో కారం ఎక్కువే, నాకు సరిపోయింది. శాకాహారులు ముగ్గురుంటే వాళ్ళకి విడిగా వండారు, కానీ గరిటె మారిందని నేను ప్రమాణం చేయను.

ఆ మొదటి భోజనం దగ్గరే వచ్చింది అసలు ప్రశ్న. విస్తళ్ళ ముందు అందరం వరసగా కూర్చున్నాం, ఆంటీ పులుసు గిన్నెతో వస్తూ "అందరికీ పెళ్ళిళ్ళయ్యాయా మరి?" అన్నారు. పదకొండు చేతులు అన్నంలో ఆగిపోయాయి. మా సీనియరే, నలభై దాటినాయన, "లేదండీ, ఎవరికీ అవ్వలేదు" అన్నారు. పదకొండు మందిలో ఒక్కరికీ! ఆవిడ అందరినీ ఒకసారి చూశారు. నేను ఆస్ట్రేలియా కుర్రాడి కోసం ఎదురుచూస్తున్నాను. "పులుసు వేయించుకోండి, చల్లారిపోతుంది" అని ముందుకెళ్ళిపోయారు. రెండు రోజుల్లో మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. గోదావరి జిల్లాలో పుట్టి పెరిగిన మనిషి ఒక ప్రశ్నని మింగేయడం నేను అంతకుముందు చూడలేదు.

మా జంటల సంగతి కూడా చెప్పాలి. మాలో ఇద్దరు అబ్బాయిలు ఒకరినొకరు "బావా" అని పిలుచుకుంటారు. ఇక్కడ సగం మంది మగాళ్ళు మిగతా సగాన్ని బావా అనే పిలుస్తారు కాబట్టి ఇంతకంటే మంచి ముసుగు దొరకదు. మా ఇద్దరికైతే ముసుగు కూడా అక్కర్లేదు, ఇద్దరాడవాళ్ళు ఒకే మంచం మీద పడుకుంటే ఎవరూ తలెత్తి చూడరు, పైగా "ఒకరికొకరు తోడున్నారు, బాగుందమ్మా" అంటారు. అది హాయో అవమానమో నాకు ఇన్నేళ్ళుగా తేలలేదు.

ఇక గొడవ. రెండో రోజు పడవ షికారుకి బయటి వాళ్ళని మాట్లాడుకున్నాం, ఆంటీ వాళ్ళ పడవ కాదు. లైఫ్ జాకెట్లు అందరికీ ఇచ్చారు, బకిళ్ళు పెట్టేదాకా ఇంజను స్టార్ట్ చేయలేదు. 2019లో కచ్చులూరు దగ్గర పడవ మునిగిన సంగతి ఇక్కడెవరూ మర్చిపోలేదు, అంతవరకు మంచిదే. రెండు గంటలు నది మీద తిరిగాం, లంకల పక్కన ఇంజను ఆపితే నీళ్ళ చప్పుడు తప్ప ఇంకేం లేదు. బావ మీద బావ తల వాల్చాడు, ఎవరం చూస్తాం, అందరం మనవాళ్ళమే. పడవ కుర్రాడు ఉన్నాడన్న సంగతే మర్చిపోయాం. సాయంత్రం టీ తాగుతుంటే మా అమలాపురం వాడు ఫోన్ చూసి తెల్లగా అయిపోయాడు. పడవ ఓనరు మా ఫొటోని తన వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాడు, కింద "హ్యాపీ కస్టమర్స్" అని రాసి. వాలిన తల ఫొటో మధ్యలో. అమలాపురం వాడు ఇంట్లో బెంగళూరులో ఆఫీసు పనుందని చెప్పి వచ్చాడు, వాళ్ళ ఊరు ఇక్కడికి గంట దూరం. తల వాల్చింది వీడు కాదు, కానీ పక్కనే పళ్ళికిలించి కూర్చున్నాడు.

మేం మెసేజీలు పెడితే వాడు చూడడు, ఫోన్ చేస్తే ఎత్తడు. నేను ఆంటీ దగ్గరికి పరిగెత్తాను. ఏం చెప్పాలో తెలీక "ఫొటో తీయించేయండి ఆంటీ, మాలో కొందరికి ఇబ్బంది" అన్నాను. ఎందుకని అడగలేదు. తన ఫోన్ నుంచి చేసి, "ఒరేయ్, మా ఇంటికొచ్చినోళ్ళ ఫొటో నన్నడక్కుండా ఎందుకెట్టావురా, ఆడపిల్లలున్నారు, తెలీదా" అని తగులుకున్నారు. నాలుగు నిమిషాల్లో తీసేశాడు. అప్పటికే అరవై చిల్లర మంది చూశారు. "ఆడపిల్లలున్నారు" అన్న మాటంటే నాకు మామూలుగా ఒళ్ళు మంట, ఆ రోజు మాత్రం నోరు మూసుకుని దండం పెట్టుకున్నాను. అమలాపురం వాడు దుప్పటి కప్పుకుని ఫోను బోర్లించి కూర్చున్నాడు. ఎనిమిదింటికి వాళ్ళమ్మ నుంచి ఫోనొచ్చింది, పదకొండు మందిమీ ఊపిరి బిగబట్టాం. గ్యాస్ బుక్ చేయమని.

మీరెవరైనా ఇలా గుంపుగా వెళ్తే, పడవ ఎక్కే ముందే ఫొటోల సంగతి మాట్లాడుకోండి, డబ్బులిచ్చే ముందు. మేం ఆ పని చేయలేదు, అది మా తప్పు.

ఆ రాత్రి ఎవరికీ నిద్ర రాలేదు, చావడిలో చాపలు పరిచి కూర్చున్నాం. మాటలు ఎక్కడ మొదలైనా కాయితాల దగ్గరికే వస్తాయి మాకు. 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు మన పెళ్ళిళ్ళకి కుదరదంది. 2024 ఆగస్టులో ఆర్థిక శాఖ మాత్రం జాయింట్ ఖాతా తెరవడానికి, పార్ట్‌నర్‌ని నామినీగా పెట్టడానికి అడ్డేం లేదని చెప్పింది. అది పట్టుకుని మేమిద్దరం బ్యాంకుకి వెళ్తే, సంబంధం అన్న గడిలో ఏం రాయాలో తెలీక వాళ్ళు అరగంట చర్చించుకుని "కజిన్" అని రాస్తామన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. రేషన్ కార్డు విషయంలో మన జంటల్ని ఒకే ఇంటివాళ్ళుగా లెక్కపెట్టమని కేంద్రం రాష్ట్రాలకి చెప్పిందని బావ చెప్పాడు. "పెళ్ళి ఇవ్వరట గానీ బియ్యం ఇస్తారట" అని రెండో బావ. మాస్టారు లోపల్నించి దగ్గారు, పదకొండైందని అర్థమై గొంతులు తగ్గించాం.

లెక్కలు కావాలనుకునేవాళ్ళకి: ఇల్లు మొత్తం రెండు రాత్రులకి 18,000, భోజనాలు మనిషికి రోజుకి 700, పడవ 6,000, వెరసి తలా 3,600 లోపే అయింది. దుప్పటి జరిమానా ఎవరికీ పడలేదు.

బయల్దేరే ముందు ఆంటీ ఆత్రేయపురం పూతరేకుల పొట్లాలు తెచ్చారు. "ఇంటికొకటి" అన్నారు. సీనియర్‌కి ఒకటి, ట్రాన్స్ అమ్మాయికి ఒకటి, అమలాపురం వాడికి ఒకటి ఇచ్చారు. నా చేతిలో ఒకటి పెట్టి, మా ఆవిడ చెయ్యి చాపితే "మీ ఇద్దరికీ కలిపేనమ్మా అది" అన్నారు. బావలిద్దరికీ కలిపి ఒకటి. మూడో జంట ఎవరికీ తెలీకూడదని వేరే వేరే గదుల్లో పడుకున్నారు, వాళ్ళకీ కలిపి ఒకటే. మా ఆవిడ నా మోచెయ్యి గిల్లింది. "రేషన్ కార్డొచ్చేసింది బావా" అన్నాడు బావ మెల్లిగా.

ఒక్కచోట మాత్రం ఆవిడ లెక్క తప్పింది. హాస్టల్లో ఎదురెదురు గదుల వాళ్ళున్నారు చూడండి, పొద్దస్తమానం కొట్టుకుంటూనే ఉంటారు, వాళ్ళ మధ్య ఏమీ లేదు, ఎప్పుడూ లేదు. వాళ్ళిద్దరికీ కూడా కలిపి ఒక్కటే ఇచ్చారు. ఆటోలో ఆ పొట్లం ఎవరి ఒళ్ళో ఉండాలని మొదలైన గొడవ పాలకొల్లు స్టేషన్ దాకా తెగలేదు, గ్రూపులో ఇంకా నడుస్తోంది.