గ్యాస్ బావి రాకముందే నీటి లెక్క: ఊరి పరీక్షా పెట్టె ఎంతవరకు పనికొస్తుంది?

జల్ జీవన్ మిషన్ కింద పల్లెల్లో మహిళలకు శిక్షణ ఇచ్చి నీటి పరీక్షలు చేయించే ఫీల్డ్ టెస్ట్ కిట్ లాంటి పెట్టెనే, కొత్తపట్నం తీరం వైపున్న మా ఊళ్లో కొందరం చందాలు వేసుకుని కొన్నాం. ఈ నీళ్లు తాగడానికి పనికొస్తాయా లేదా తేల్చుకోవడానికి దీన్ని కొనేవాళ్లే ఎక్కువ. మా ఉద్దేశం వేరు. సహజవాయువు తవ్వకం గానీ, నీటిని పాడుచేయగల మరే పని గానీ మా దగ్గర మొదలైతే, అంతకుముందు మా బోర్లలో, బావుల్లో నీరు ఎలా ఉండేదో చెప్పే లెక్క మా చేతిలో ఉండాలనుకున్నాం. అందువల్ల ఈ ఒక్క పనికి పెట్టె ఎంతవరకు నిలుస్తుందో చూసి ఈ సమీక్ష రాస్తున్నాను.

మా జాగ్రత్త అతిగా కనిపించవచ్చు గానీ దానికి కారణం ఉంది. చమురు, సహజవాయువు నిల్వలున్న కృష్ణా–గోదావరి బేసిన్ దక్షిణపు కొస ఒంగోలు దాకా వస్తుంది. 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ చమురు, సహజవాయువు ప్రాజెక్టులకు ప్రజాభిప్రాయ సేకరణ తప్పనిసరి చేసి, దానికి కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలని చెప్పింది. 2020 జనవరిలో కేంద్రం ఆ నోటిఫికేషన్‌ను సవరించి, అన్వేషణ దశను బి2 వర్గంలోకి మార్చింది. ఆ వర్గానికి ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదు. అన్వేషణ కోసం వేసే బావి కూడా భూగర్భ జలాల పొరలను దాటుకునే కిందికి పోతుంది. కనుక ఊరివాళ్లను పిలిచి అడిగే రోజు వచ్చేసరికి మొదటి బావి పడిపోయి ఉండవచ్చు. పిలుపు అందాక పరీక్షలు మొదలుపెట్టిన ఊరికి తవ్వకానికి ముందటి లెక్క ఎప్పటికీ దొరకదు.

ఆ లెక్క విలువ ఎంతో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్ర చట్టం చూస్తే తెలుస్తుంది. అక్కడ 2012లో వచ్చిన యాక్ట్ 13 ప్రకారం, షేల్ గ్యాస్ (రాతి పొరల్లో ఇరుక్కున్న సహజవాయువు) బావికి 2,500 అడుగుల లోపల, పనులు ముగిసిన 12 నెలల లోపల నీటి వనరు పాడైతే, తవ్విన సంస్థే కారణమని ముందుగా భావిస్తారు. కాదని నిరూపించుకోవలసిన బాధ్యత సంస్థదే. అలా నిరూపించుకునే మార్గాల్లో ఒకటి, ఆ దోషం తవ్వకానికి ముందు నుంచే ఉందని పాత పరీక్షలతో చూపడం. అందుకే అక్కడి సంస్థలు చుట్టుపక్కల బావుల నీటిని తామే ముందుగా పరీక్ష చేయించుకుంటాయి. సొంతంగా పరీక్ష చేయించుకోని ఇంటివారికి ఆ సంస్థ చూపే కాగితమే దిక్కు. అదే రాష్ట్రంలో డిమాక్ అనే ఊరి బావుల్లోకి మీథేన్ (సహజవాయువులో ముఖ్యభాగం) చేరిన వ్యవహారంలో ఫిర్యాదులు 2009 నాటివి కాగా, అక్కడ తవ్విన సంస్థ క్రిమినల్ అభియోగాన్ని తాను వ్యతిరేకించనని కోర్టుకు చెప్పింది 2022లో. అన్నేళ్లు చెక్కుచెదరకుండా నిలవవలసిన లెక్క ఇది.

మన తీరంలో ఈ అవసరం ఇంకా ఎక్కువ. గ్యాస్‌తో పాటు లోపలి నుంచి పైకి వచ్చే నీరు విపరీతంగా ఉప్పగా ఉంటుంది. అది భూగర్భ జలాల్లో కలిస్తే మొదట పెరిగేది క్లోరైడ్. కనుపర్తి దగ్గర ఉప్పు కొఠార్లు, తీరం పొడవునా రొయ్యల చెరువులు ఉన్న ప్రాంతంలో ఎవరైనా ఇట్టే అనగలిగే మాట, "మీ నీళ్లు మొదటి నుంచీ ఉప్పువే కదా" అని. ఎంత ఉప్పు, ఏ బావిలో, ఏ నెలలో అన్న అంకెలు లేకపోతే ఆ మాటకు జవాబు ఉండదు. నీటిలో ముందు నుంచే ఫ్లోరైడ్ ఎక్కువున్న కనిగిరి వైపు వాళ్లకు ఆ విషయంలో ఇదే చిక్కు ఎదురవుతుంది.

పెట్టెలో నేను ఎక్కువ మార్కులు వేసేది క్లోరైడ్ పరీక్షకే. గొట్టంలో గీత దాకా నీళ్లు పోసి, పొటాషియం క్రోమేట్ చుక్కలు వేస్తే నీరు పసుపు రంగుకు తిరుగుతుంది. ఆ తరువాత సిల్వర్ నైట్రేట్‌ను ఒక్కొక్క చుక్కే వేస్తూ, కలుపుతూ, పసుపు పోయి ఇటుక రంగు నిలిచే దాకా లెక్కపెట్టాలి. ఒక్కో చుక్కకు ఎన్ని మిల్లీగ్రాములో పెట్టెతో వచ్చిన కాగితంలో ఉంటుంది. రంగు మొదట మెరిసి మాయమవుతుంది. అక్కడే ఆపేసినవాళ్లకు లెక్క తక్కువ వస్తుంది. కొఠార్ల పక్క బావి నీళ్లకైతే చుక్కలు పడుతూనే ఉంటాయి గానీ రంగు తిరగదు. "ఇంకెన్ని వేయాలక్కా, సీసా అయిపోయేట్టుంది" అని మా వాళ్లు విసుక్కున్నది అక్కడే. అలాంటి నీటిని డిస్టిల్డ్ వాటర్‌తో పది రెట్లు పలుచన చేసి, వచ్చిన అంకెను పదితో హెచ్చించాలి. ఇంట్లో ఆర్వో నీళ్లు దీనికి పనికిరావు, వాటిలోనూ కొంత క్లోరైడ్ మిగిలి ఉంటుంది. ఈ మాట కాగితంలో ఎక్కడా లేకపోవడం తయారీదారుల లోపమే. సిల్వర్ నైట్రేట్ వేలికి తగిలితే నల్ల మచ్చ పడి కొన్నాళ్ల దాకా పోదు కనుక చేతికి తొడుగు వేసుకోవడం మంచిది.

ఫ్లోరైడ్‌ను రంగుల పట్టీతో పోల్చి చూడాలి. తాగునీటి ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఉండవచ్చు, వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 దాకా అనుమతిస్తారు. ఆ రెండింటి మధ్య తేడాను పట్టీ మీద కంటితో పట్టడం కష్టం. ట్యూబులైటు కింద ఒకలా, ఎండలో ఒకలా కనిపిస్తుంది. కఠినత్వం, నైట్రేట్, పీహెచ్ పరీక్షలు మామూలుగా బాగానే ఉన్నాయి. బాక్టీరియా సీసా నల్లబడితే నీరు కలుషితమైందని అర్థం, అయితే దానికీ గ్యాస్‌కూ సంబంధం లేదు.

అసలు లోటు మరొకటి. గ్యాస్ తవ్వకం విషయంలో ముందుగా అడగవలసిన మీథేన్, బేరియం, బ్రోమైడ్, బెంజీన్ వంటివేవీ ఈ పెట్టె చూడలేదు. మీథేన్‌కు రంగూ వాసనా లేవు. దాని నమూనాను గాలి బుడగ చొరబడకుండా ప్రత్యేక పద్ధతిలో సీసాకు పట్టి ప్రయోగశాలకు పంపాలి. పెట్టెలోని పరీక్షలన్నీ బాగున్నాయి గనుక నీటికి ఏమీ కాలేదని ఎవరైనా అంటే, అది పెట్టె చెప్పని మాటను దాని నోట పెట్టడమే అవుతుంది.

మరో సంగతి, చుక్కలు లెక్కపెట్టి రాసుకున్న నోటు పుస్తకాన్ని ఏ అధికారీ సాక్ష్యంగా తీసుకోడు. ప్రయోగశాలల పనితీరు చూసి గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ప్రయోగశాల నివేదికకు ఉన్న బలం దానికి రాదు. అందుకే మేము రెండింటినీ కలిపి వాడుతున్నాం. నెలనెలా పెట్టెతో చూసుకుంటాం. ఎండలు ముదిరినప్పుడు ఒకసారి, ఈశాన్య రుతుపవనాల వానలు వెలిసాక ఒకసారి కొన్ని బావుల నీటిని ప్రయోగశాలకు ఇస్తాం. వానాకాలంలో క్లోరైడ్ తగ్గడం, వేసవిలో పెరగడం సహజం కనుక, ఒకే ఒక్క నివేదిక ఉన్న ఊరిని కాలభేదం పేరుతో తోసిపుచ్చడం సులువు. నెలవారీ లెక్క పక్కన ఉంటే ఆ వాదన నిలవదు. పెట్టె నిజమైన ఉపయోగం నా దృష్టిలో ఇదే.

మొదట మేము వెళ్లిన ఒక ప్రైవేటు ప్రయోగశాల నివేదికలో బావి ఎక్కడిదో, నమూనా ఎవరు ఏ వేళకు పట్టారో లేకుండా "కస్టమర్ తెచ్చిన నమూనా" అని మాత్రమే రాసి ఇచ్చారు. డబ్బు పెట్టి తెచ్చుకున్న ఆ కాగితం మా పనికి దాదాపు వృథా. నమూనాను వాళ్ల మనిషే వచ్చి పట్టాలని, బోరును కొన్ని నిమిషాలు నడిపి లోపలి పాత నీరు పోయాకే సీసా నింపాలని, అక్షాంశ రేఖాంశాలు నివేదికలో ఉండాలని ముందే అడిగి ఒప్పించుకోవాలి. జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం, 2010లోని 15వ సెక్షన్ కింద పరిహారం కోరడానికి 5 ఏళ్ల గడువు ఉంది. కాబట్టి నివేదికల అసలు ప్రతులను ఒకరి ఇంటి బీరువాలో పెట్టి వదిలేయకుండా, నకళ్లు తీసి పంచాయతీ కార్యాలయంలోనూ దాఖలు చేసి, ముట్టినట్టు సంతకం తీసుకోవడం మేలు.

పెట్టె మీద చిన్న ఫిర్యాదులు కొన్ని ఉన్నాయి. సూచనల కాగితం ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంది. తెలుగులో మేమే రాసి మూతకు అంటించాం. రోహిణి కార్తె ఎండలకు మందులు త్వరగా పాడవుతాయి. గడువు తేదీ సీసాల మీద కాకుండా బయటి అట్టపెట్టె మీద ముద్రించారు, ఆ అట్ట మొదటి వారంలోనే చిరిగిపోతుంది. సిల్వర్ నైట్రేట్ మిగతావాటికన్నా ముందే అయిపోతుంది, దాన్ని విడిగా అమ్మే ఏర్పాటు ఉందో లేదో అడిగి కొనండి.

తీరం ఊళ్లకు క్లోరైడ్ పరీక్ష ఒక్కదానితోనే ఈ పెట్టె ఖర్చు గిట్టుతుంది. ఫ్లోరైడ్ కోసమే అయితే ఈ పెట్టె కొనకండి. గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలు ప్రజల నమూనాలను కూడా నామమాత్రపు రుసుముకు పరీక్షిస్తున్నాయి, అక్కడ ఇవ్వండి. గ్యాస్ తవ్వకం మాట ఇప్పటికే వినిపిస్తున్న చోటైతే, చందా డబ్బులో ముందు మీథేన్, బేరియం పరీక్షలకు సరిపడా పక్కన పెట్టి, మిగిలితే పెట్టె సంగతి చూసుకోండి.