2038 గడువు: ఉన్న డిస్కునే మార్చుకోవాలా, కొత్తగా ఫార్మాట్ చేయాలా? ఏది మేలు?

ఫైలు తేదీని 32 బిట్ల సైన్డ్ సంఖ్యగా దాచే డిస్కులకి గడువు 2038 జనవరి 19, యూటీసీ 03:14:07. ఆ తర్వాతి తేదీలు ఆ సంఖ్యలో పట్టవు. మీ డిస్కు సంగతి ఇప్పుడే తేల్చుకోవచ్చు. లినక్స్ కెర్నల్ 5.4 లేదా ఆపైది ఉంటే, టచ్ కమాండుతో ఒక ఫైలుకి 2040 తేదీ పెట్టి, స్టాట్ (ఫైలు వివరాలు చూపే కమాండు) కొట్టి చూడండి. తేదీ 2038 జనవరి 19 దగ్గరే ఆగిపోతే పని పడినట్టే. ఎర్రర్ ఏదీ రాదు, భయపడాల్సింది అందుకే. గడువు దాటాక రాసిన ప్రతి ఫైలుకీ అదే తేదీ పడుతుంది. ప్రోగ్రాముల్ని కంపైల్ చేయించే మేక్ టూల్ దృష్టిలో మార్చిన సోర్సుకీ పాత ఆబ్జెక్టు ఫైలుకీ తేడా ఉండదు, మళ్లీ కంపైల్ చేయదు. రెండువైపులా ఇలాంటి డిస్కులే ఉంటే, సైజు మారని ఫైలుని ఆర్‌సింక్ అనే కాపీ టూల్ వదిలేస్తుంది.

డిస్కులోని ఫైల్ సిస్టమ్ (ఫైళ్లని దాచే పద్ధతి) ఎక్స్‌ఎఫ్‌ఎస్ అయితే ఉన్నచోటే మార్చడం మేలు. ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఇన్ఫో కమాండులో బిగ్‌టైమ్ (2038 దాటిన తేదీల ఫీచర్) 0 అని ఉంటే డిస్కుని అన్‌మౌంట్ చేసి, ఎక్స్‌ఎఫ్‌ఎస్ అడ్మిన్‌తో దాన్ని 1 చేయండి. డేటా కదలదు, ఒక్కో ఐనోడ్ (ఫైలు తేదీ, ఇతర వివరాలు ఉండే రికార్డు) మళ్లీ రాసినప్పుడు కొత్త పద్ధతికి మారుతుంది. గడువు 2486కి జరుగుతుంది. కాకపోతే వెనక్కి రాలేరు: 5.10 కంటే పాత కెర్నల్ ఆ డిస్కుని మౌంట్ చేయదు. బూట్ పార్టిషన్ అయితే పాత గ్రబ్ (కంప్యూటర్‌ని బూట్ చేసే ప్రోగ్రామ్) చదవలేదు, ముందు గ్రబ్‌ని అప్‌డేట్ చేయండి. ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఇన్ఫోలో సీఆర్‌సీ 0 అని చూపించే పాత వీ4 డిస్కులకి ఈ దారి లేదు, కాపీ చేసుకోవాల్సిందే.

ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌లో చూడాల్సింది ఐనోడ్ సైజు. 256 బైట్లయితే 2446 దాకా బెంగ లేదు. 128 అయితేనే చిక్కు. 512 ఎంబీ లోపు పార్టిషన్లకి పాత ఫార్మాట్ టూల్ 128నే ఇచ్చేది కాబట్టి చిన్న బూట్ పార్టిషన్‌ని తప్పకుండా చూడండి. ట్యూన్2ఎఫ్‌ఎస్ కమాండుతో 256కి మార్చొచ్చు కానీ ఫ్లెక్స్‌బీజీ అనే ఫీచర్ ఆన్‌లో ఉంటే అది ఒప్పుకోదు, ఈఎక్స్‌టీ4గా పుట్టిన డిస్కుల్లో అది మామూలుగా ఆన్‌లోనే ఉంటుంది. ఈఎక్స్‌టీ3 నుంచి వచ్చిన డిస్కుల్లో ఒప్పుకున్నా, ఐనోడ్ పట్టిక రెట్టింపయ్యేందుకు డేటా బ్లాకుల్ని పక్కకి జరపాలి. మధ్యలో కరెంటు పోతే ఫైల్ సిస్టమ్ పాడైపోవచ్చు. ఎలాగూ ముందు పూర్తి బ్యాకప్ తీయాలి. అది చేతిలో ఉన్నాక ఫార్మాట్ చేసి తిరిగి కాపీ చేయడమే నయం.

కాపీకి ఆర్‌సింక్ వాడితే హార్డ్‌లింకులు (ఒకే ఫైలుకి ఉన్న వేరే పేర్లు), ఏసీఎల్‌లు (అదనపు అనుమతులు), ఎక్స్‌టెండెడ్ ఆట్రిబ్యూట్ల ఆప్షన్లు విడిగా ఇవ్వాలి, ఆర్కైవ్ ఆప్షన్ ఒక్కటే వాటిని తీసుకురాదు. ఫార్మాట్‌తో యూయూఐడీ (డిస్కు గుర్తింపు సంఖ్య) మారుతుంది. ఎఫ్‌ఎస్‌ట్యాబ్ (బూట్ అయ్యేటప్పుడు ఏ డిస్కులు మౌంట్ చేయాలో చెప్పే ఫైలు) దిద్దకుండా రీబూట్ చేయకండి.