వైరస్ గ్లైకోప్రొటీన్ పట్టడానికి మోనోక్లోనల్ యాంటీబాడీనా, పాలీక్లోనలా: ఏది మేలు?

ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్ళు నన్ను పదేపదే అడిగే ప్రశ్న ఇది. గ్లైకోప్రొటీన్ అంటే చక్కెర గొలుసులు అతికిన ప్రొటీన్. నేను ఎదురు అడిగేది ఒక్కటే: మీ ప్రొటీన్‌ను మడత విప్పి చూస్తారా, మడతతోనే చూస్తారా? నా లెక్కలో అసలు విషయం అక్కడే తేలిపోతుంది.

పాలీక్లోనల్ అంటే జంతువు సీరం నుంచి తీసే పలు రకాల యాంటీబాడీల మిశ్రమం. దానికి ఉన్న పెద్ద బలం, ఒకే ప్రొటీన్ మీద చాలా చోట్ల అతుక్కోవడం. కొన్ని ఎపిటోప్‌లను (యాంటీబాడీ అతుక్కునే చోట్లను) చక్కెర గొలుసులు కప్పేసినా, ఉడికించినప్పుడు ఇంకొన్ని చెడిపోయినా, మిగిలినవాటితో సిగ్నల్ వస్తుంది. వెస్టర్న్ బ్లాట్‌కు (ప్రొటీన్లను సైజు ప్రకారం వేరుచేసి యాంటీబాడీతో గుర్తించే పద్ధతికి) నేను ఇప్పటికీ సంతోషంగా వాడతాను. చిక్కల్లా ఏమిటంటే, ఆ జంతువు సీరం అయిపోతే అచ్చం అలాంటిది మళ్ళీ దొరకదు. కొత్త లాట్ రాగానే టైట్రేషన్ (ఎంత పలుచన చేసి వాడాలో తేల్చే పరీక్ష) మొదటి నుంచి చేసుకోవాలి.

మోనోక్లోనల్ అంటే ఒకే కణ వంశం నుంచి వచ్చే ఒకే రకం యాంటీబాడీ; అది ఒకే ఎపిటోప్‌ను పట్టుకుంటుంది. ఆ ఎపిటోప్ ఎలాంటిదో తెలియకుండా కొంటే మాత్రం దెబ్బ తింటాం. ఫ్లావివైరస్‌ల (డెంగీ, జికా లాంటివాటి) మీద పనిచేసేవాళ్ళందరికీ తెలిసిన 4జీ2 అనే మోనోక్లోనల్‌నే తీసుకోండి. అది ఎన్వలప్ ప్రొటీన్‌లోని ఫ్యూజన్ లూప్‌ను (వైరస్ కణం పొరతో కలిసిపోవడానికి వాడే భాగాన్ని) గుర్తిస్తుంది. ఆ లూప్ ఆకారం డైసల్ఫైడ్ బంధాల మీద ఆధారపడి ఉంటుంది. మొదటిసారి వాడినప్పుడు అలవాటు ప్రకారం ఆ బంధాలను తెంచే మెర్కాప్టోఇథనాల్ కలిపి, 95 డిగ్రీల దగ్గర 5 నిమిషాలు ఉడికించాను. పోలిక కోసం చూసే కణం సొంత ప్రొటీన్ యాక్టిన్ బ్యాండ్ చక్కగా వచ్చింది. ఎన్వలప్ ప్రొటీన్ కనిపించాల్సిన 50 పైచిలుకు కిలోడాల్టన్ల దగ్గర మాత్రం ఖాళీ. ఇన్ఫెక్షనే పట్టలేదేమోనని చాలా టెన్షన్ పడ్డాను. అదే లైసేట్‌ను (కణాలను పగలగొట్టి తీసిన ద్రవాన్ని) మెర్కాప్టోఇథనాల్ లేకుండా నడిపితే బ్యాండ్ కనిపించింది. ఇంకో మాట: ఆ లూప్ ఫ్లావివైరస్‌లన్నిటిలో దాదాపు ఒకేలా ఉంటుంది కాబట్టి, డెంగీనా జికానా అన్నది 4జీ2 చెప్పలేదు.

ఎపిటోప్ ఎక్కడుందన్నదీ అంతే ముఖ్యం. వీఎస్‌వీ (వెసిక్యులర్ స్టొమాటైటిస్ వైరస్) జీ ప్రొటీన్‌కు వాడే పీ5డీ4 అనే మోనోక్లోనల్ ఆ ప్రొటీన్ తోక చివరను పట్టుకుంటుంది. ఆ తోక ఉండేది కణం లోపల. పొరకు రంధ్రాలు చేయకుండా స్టెయిన్ చేస్తే, కణం ఉపరితలం నిండా జీ ఉన్నా ఏమీ కనిపించదు. ఫ్లో సైటోమెట్రీలో (కణాలను ఒక్కొక్కటిగా లేజర్ ముందు నడిపి కొలిచే పద్ధతిలో) ఉపరితలం చూడాలంటే బయటి భాగాన్ని పట్టే 8జీ5ఎఫ్11 లాంటిది కావాలి.

ఇన్ని చిక్కులున్నా, ఎపిటోప్ స్పష్టంగా తెలిసిన మోనోక్లోనల్‌కే నా ఓటు. అందులోనూ రీకాంబినెంట్ (జన్యువు సీక్వెన్స్ నుంచి తయారుచేసినది) దొరికితే ఇక ఆలోచించను. సీక్వెన్స్ చేతిలో ఉంటుంది, యాంటీబాడీని తయారుచేసే హైబ్రిడోమా కణాలు చెడిపోతాయన్న బెంగ ఉండదు, ఐదేళ్ళ తర్వాత కూడా అదే యాంటీబాడీ వస్తుంది.

ఫ్లాగ్, హెచ్ఏ లాంటి ట్యాగ్‌లు (యాంటీబాడీ పట్టడానికి ప్రొటీన్‌కు మనం తగిలించే చిన్న తోకలు) ప్లాస్మిడ్‌తో చేసే ప్రయోగాలకు బాగుంటాయి, రోగి నుంచి వేరుచేసిన వైరస్‌కు పనికిరావు. నానోబాడీలు (చాలా చిన్న యాంటీబాడీ ముక్కలు) ఇమేజింగ్‌కు మంచివే.

ఏది కొన్నా, వయల్ వచ్చిన రోజే ఒక చిన్న బ్లాట్ పెట్టండి. ఇన్ఫెక్ట్ చేసిన లైసేట్, చేయనిది, రెండూ డీటీటీతో (మెర్కాప్టోఇథనాల్ లాగే డైసల్ఫైడ్ బంధాలను తెంచేది) ఒకసారి, లేకుండా ఒకసారి. డీటీటీ పక్కలేన్‌లోకి పాకకుండా మధ్యలో రెండు లేన్లు ఖాళీ వదలండి. ఇంకొంచెం ఓపిక ఉంటే పీఎన్‌జేజ్ ఎఫ్ అనే ఎంజైమ్‌తో చక్కెరలు తీసేసిన శాంపిల్ కూడా నడపండి. బ్యాండ్ కిందికి దిగితే మీరు చూస్తున్నది గ్లైకోప్రొటీనే.